ఓడ ఒక్కటే.. నిబంధనలు వేరు!

* విహార నౌకల లాయల్టీ పథకాల్లో లాభమెంత?
* టికెట్ కొన్న దేశాన్ని బట్టి మారుతున్న షరతులు
* పిల్లల వద్దకు వెళ్లే తల్లిదండ్రులూ.. జర భద్రం!

విశాఖపట్నం: అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కుమారుడో, ఆస్ట్రేలియాలో స్థిరపడిన కుమార్తెయో తల్లిదండ్రులను తమ వద్దకు రప్పించుకుని, నాలుగైదు రోజులు విహార నౌక ఎక్కించడం తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు కొత్త సంగతేమీ కాదు. నౌక పేరు, టికెట్ ధర, ఆగే రేవులు చూసినంత శ్రద్ధగా టికెట్ వెనుక ఉన్న షరతులను చూసేవారు మాత్రం తక్కువే. ఒకే ఓడలో, పక్కపక్క గదుల్లో, ఒకే రోజు బయలుదేరిన ఇద్దరు ప్రయాణికులకు ధర, అడ్వాన్సు, రద్దు రుసుం, చివరకు ఫిర్యాదు చేసుకునే న్యాయస్థానం కూడా వేర్వేరుగా ఉండవచ్చు. టికెట్ ఏ దేశంలో కొన్నారు, కొన్నవారి నివాసం ఎక్కడ అన్న రెండు అంశాలే ఈ తేడాకు మూలం. వీటికి తోడు పదేపదే ప్రయాణించేవారిని ఆకట్టుకునేందుకు నౌకా సంస్థలు నడుపుతున్న లాయల్టీ పథకాల లెక్కలు మరో చిక్కుముడి.

విశాఖ తీరానికి కూడా ఈ విషయంతో సంబంధం ఉంది. 2022 జూన్‌లో కోర్డేలియా సంస్థకు చెందిన ఎంప్రెస్ నౌక ఇక్కడి రేవు నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు ప్రయాణికులను తీసుకువెళ్లింది. ఆ నౌక అంతకుముందు అమెరికాకు చెందిన రాయల్ కరీబియన్ సంస్థ చేతిలో ఉండేది. 2023 సెప్టెంబరులో విశాఖ పోర్టులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. సముద్ర విహారం సినిమాల్లో చూసే వేడుక అన్న దశ దాటిపోయింది కనుక, దాని నియమాలు తెలుసుకోవడం అవసరమైంది.

పాయింట్ల లెక్క ఇలా..

విమాన సంస్థలు ప్రయాణించిన దూరాన్ని, పెట్టిన ఖర్చును లెక్కగడితే, విహార నౌకల సంస్థల్లో అధిక భాగం ఓడలో గడిపిన రాత్రులను లెక్కిస్తూ వచ్చాయి. ఉదాహరణకు రాయల్ కరీబియన్ నడిపే క్రౌన్ అండ్ యాంకర్ సొసైటీలో ఒక రాత్రికి ఒక పాయింటు లభిస్తుంది. ఖరీదైన సూట్ గది తీసుకుంటే రాత్రికి రెండు. ఒంటరిగా ప్రయాణిస్తూ ఇద్దరి చార్జీ చెల్లించేవారికి కూడా అదనంగా ఒక పాయింటు వేస్తారు. 3 పాయింట్లతో గోల్డ్, 30తో ప్లాటినం, 55తో ఎమరాల్డ్, 80తో డైమండ్, 175తో డైమండ్ ప్లస్, 700తో పినకిల్ అనే అంతస్తులు ఉన్నాయి.

వీటిని సామాన్యుడి లెక్కలోకి దించితే సంగతి బోధపడుతుంది. ఏడు రాత్రుల యాత్రకు సాధారణ గదిలో 7 పాయింట్లు వస్తాయి. డైమండ్‌కు చేరాలంటే అలాంటి యాత్రలు 12 చేయాలి. అప్పటికి 84 పాయింట్లవుతాయి. సూట్ గదిలో అయితే ఆరు యాత్రలు చాలు. ఏడాదికి ఒక్కసారి సాధారణ గదిలో వెళ్లే కుటుంబానికి ఇది పన్నెండేళ్ల ప్రయాణం. మొదటి రెండు మూడు అంతస్తుల్లో దక్కేవి చిన్న చిన్న రాయితీలు, కానుకలే. రోజుకు నాలుగు ఉచిత పానీయాల వంటి చెప్పుకోదగ్గ సౌకర్యాలు డైమండ్ నుంచి మొదలవుతాయి.

ప్రిన్సెస్ సంస్థది మరో పద్ధతి. అక్కడ రోజులనే కాక యాత్రల సంఖ్యను కూడా లెక్కిస్తారు. అయిదు యాత్రలు లేదా 50 రోజులు పూర్తయితే ప్లాటినం, 15 యాత్రలు లేదా 150 రోజులతో ఎలీట్ హోదా వస్తుంది. ఎలీట్ సభ్యులకు బట్టల ఉతుకుడు ఉచితం. వినడానికి స్వల్పంగా తోచినా, రెండు మూడు వారాలు ఓడలో ఉండేవారికి ఇది పెద్ద వెసులుబాటే. తరచూ మూడు నాలుగు రోజుల యాత్రలు చేసేవారికి ఇలాంటి యాత్రల లెక్క, దీర్ఘ యాత్రలు చేసేవారికి రాత్రుల లెక్క కలిసివస్తుంది.

పథకాలు రాతి మీద గీతలు కావు!

ఒకసారి హోదా వస్తే జీవితాంతం ఉంటుందన్న నమ్మకంతో ఏళ్ల తరబడి ఒకే సంస్థను పట్టుకుని ఉన్నవారు ఎందరో. ఆ నమ్మకం ఇప్పుడు సడలుతోంది. కార్నివాల్ సంస్థ ఓడలో గడిపిన రోజులకు పాయింట్లు ఇస్తూ వచ్చిన పాత పద్ధతిని విడిచి, పెట్టిన ఖర్చును బట్టి లెక్కించే కొత్త పథకానికి మారుతున్నట్లు 2025లో ప్రకటించింది. హోదాకు కాలపరిమితి కూడా అందులో భాగమే. చవక గదుల్లో ఎక్కువసార్లు ప్రయాణించి పాయింట్లు కూడబెట్టుకున్నవారికి ఇది నిరాశ కలిగించే మార్పు. ఎంఎస్‌సీ సంస్థలో సభ్యుడు మూడేళ్లపాటు ఓడ ఎక్కకపోతే హోదా నిలవదు.

సభ్యులకు మేలు చేసిన మార్పులూ లేకపోలేదు. రాయల్ కరీబియన్, సెలబ్రిటీ, సిల్వర్‌సీ ఒకే గొడుగు కింది సంస్థలు. ఒకదానిలో సంపాదించిన హోదాకు సమానమైన హోదాను మిగిలినవాటిలోనూ ఇచ్చే విధానాన్ని 2024లో ప్రవేశపెట్టారు. ఇతర సంస్థల్లో హోదా ఉన్నవారిని గుర్తించి తమ పథకంలో తగిన అంతస్తు ఇచ్చే సౌకర్యాన్ని ఎంఎస్‌సీ కల్పిస్తోంది. అయితే దీనికి సభ్యుడే దరఖాస్తు చేసుకోవాలి. ఎవరూ పిలిచి ఇవ్వరు.

కుమారుడి హోదా తండ్రికి వర్తించదు

ఎక్కువ మంది పొరబడుతున్నది ఇక్కడే. రాయల్ కరీబియన్ పథకంలో ఒకే చిరునామాలో నివసించే భార్యాభర్తలు హోదాను పంచుకోవచ్చు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల హోదా వర్తిస్తుంది. అంతేకానీ డాలస్‌లో ఉన్న కుమారుడికి డైమండ్ హోదా ఉన్నంత మాత్రాన, కాకినాడ నుంచి వెళ్లిన తల్లిదండ్రులకు అది సంక్రమించదు. వారు తమ పేరిట ప్రత్యేకంగా సభ్యత్వం తీసుకుని మొదటి మెట్టు నుంచి ప్రారంభించవలసిందే.

పేర్ల తేడా మరో తలనొప్పి. తెలుగువారి ఇంటిపేరు ఒక పత్రంలో పొడి అక్షరంగా, మరో పత్రంలో పూర్తిగా ఉండటం సర్వసాధారణం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి అమెరికా వీసాపై అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అనే అక్షరాలు పడతాయి. ఒక యాత్రకు ఒక రకంగా, మరో యాత్రకు ఇంకో రకంగా పేరు నమోదైతే ఒకే మనిషికి రెండు సభ్యత్వాలు ఏర్పడి పాయింట్లు చీలిపోయే ప్రమాదం ఉంది. ఓడ ఎక్కేచోట పాస్‌పోర్టులోని పేరుకు, టికెట్‌లోని పేరుకు పొంతన లేకపోతే చిక్కు అంతకంటే పెద్దది.

చిరునామాను బట్టి ధర

నౌకా సంస్థలు ఒక్కో దేశానికి ఒక్కో ధరల పట్టికను అమలు చేస్తాయి. అమెరికా, కెనడా నివాసులకని ప్రకటించిన రాయితీ బ్రిటన్, భారత్ నివాసులకు వర్తించకపోవచ్చు. ఇక్కడ సంస్థలు చూసేది పౌరసత్వాన్ని కాదు, నివాస చిరునామాను. అమెరికాలోని ఏజెంటు వద్ద తక్కువ ధరకు దొరుకుతోందని భారత్‌లో ఉన్నవారి పేరిట కొంటే, సంస్థ ఆ టికెట్‌ను తిరిగి లెక్కగట్టి తేడా కట్టమనవచ్చు. తల్లిదండ్రుల టికెట్లు పిల్లలు కొనే సందర్భంలో ఈ సంగతి ముందుగానే ఏజెంటుకు చెప్పి, రాతపూర్వకంగా సమాధానం తీసుకోవడం శ్రేయస్కరం.

ప్రకటించిన ధరలో ఏమేమి కలిసి ఉన్నాయన్నది మరో అంశం. అమెరికాలో ఒకప్పుడు పన్నులు, రేవు రుసుములు మినహాయించి తక్కువ అంకెను పెద్ద అక్షరాలతో చూపేవారు. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం కారణంగా ప్రధాన సంస్థలు దేశమంతటా ఇవి కలిపిన ధరనే ప్రకటించసాగాయి. అయినా సిబ్బంది టిప్పులు అందులో ఉండవు. ఇవి సాధారణ గదికి రోజుకు మనిషికి సుమారు 16 నుంచి 20 డాలర్ల వరకు ఓడలోని ఖాతాకు చేరిపోతాయి. నలుగురు సభ్యుల కుటుంబం వారం రోజులు విహరిస్తే, రోజుకు 16 డాలర్ల చొప్పున వేసుకున్నా 448 డాలర్లు అదనం. బ్రిటన్‌లోని పీ అండ్ ఓ క్రూయిజెస్ 2019 నుంచి ఈ టిప్పులను విడిగా వసూలు చేయడం మానేసింది. రెండు ధరలను పోల్చేవారు ఈ తేడాను కలుపుకొని చూడాలి.

భారత్‌లో విదేశీ పర్యటన ప్యాకేజీగా కొన్నప్పుడు మూలం వద్ద పన్ను (టీసీఎస్) వసూలు చేస్తారు. బడ్జెట్లలో దీని రేటు మారుతూ వస్తోంది. ఇది పూర్తిగా పోయే సొమ్ము కాదు. పాన్ నంబరు సరిగా ఇచ్చినవారు ఆదాయపు పన్ను రిటర్నులో చూపి సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వాపసు పొందవచ్చు. ఏజెంటు ఇచ్చే ధ్రువపత్రాన్ని భద్రపరచుకోవాలి.

అడ్వాన్సులో రెండు రకాలు

అమెరికా మార్కెట్‌లో ఒకే గదిని రెండు ధరలకు చూపుతారు. కాస్త ఎక్కువ ధరకు తీసుకుంటే, తుది చెల్లింపు గడువులోగా రద్దు చేసుకున్నప్పుడు అడ్వాన్సు తిరిగి వస్తుంది. తక్కువ ధరకు తీసుకుంటే అడ్వాన్సు తిరిగి రాదు. అందులో ఓడ లేదా తేదీ మార్చుకోవాలన్నా రాయల్ కరీబియన్‌లో మనిషికి 100 డాలర్ల రుసుం ఉంది. వీసా ఇంకా చేతికి రాని తల్లిదండ్రుల కోసం ఈ రెండో రకం టికెట్ కొనడం గాలిలో దీపం పెట్టినట్లే. బ్రిటన్‌లో అడ్వాన్సు తిరిగి రాకపోవడమే సాధారణ పద్ధతి.

తుది చెల్లింపు గడువు కూడా యాత్ర నిడివిని బట్టి మారుతుంది. రాయల్ కరీబియన్ అమెరికా నిబంధనల ప్రకారం నాలుగు రాత్రుల లోపు యాత్రకు బయలుదేరడానికి 75 రోజుల ముందు, 5 నుంచి 14 రాత్రులకు 90 రోజుల ముందు, అంతకు మించితే 120 రోజుల ముందు మొత్తం సొమ్ము కట్టాలి. గడువు దాటాక రద్దు చేసుకుంటే మెట్లమెట్లుగా కోత పడుతుంది. చివరి నెలలో రద్దు చేసుకున్నవారికి చార్జీ దక్కదు. చెల్లించిన పన్నులు, రేవు రుసుములు మాత్రం అడిగి తీసుకోవాలి. తుది చెల్లింపునకు ముందు ధర తగ్గితే, ఆ తగ్గింపును తమకూ వర్తింపజేయమని అడిగే అవకాశం అమెరికా మార్కెట్‌లో సాధారణంగా ఉంటుంది.

సంస్థే యాత్రను రద్దు చేస్తే..

ఇక్కడ దేశాల మధ్య తేడా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. ఐరోపా సమాఖ్యలో ప్యాకేజీ పర్యటనల ఆదేశం 2018 జులై 1 నుంచి వర్తిస్తోంది. బ్రిటన్‌లో అదే ఏడాది నాటి నిబంధనలు ఉన్నాయి. రవాణా, బస, భోజనం కలిసిన క్రూయిజ్ కూడా ప్యాకేజీ కిందికే వస్తుంది. నిర్వాహకుడు యాత్రను రద్దు చేస్తే 14 రోజుల్లో సొమ్ము వాపసు ఇవ్వాలి. టికెట్ కొన్నాక ధరను 8 శాతానికి మించి పెంచితే, ప్రయాణికుడు రుసుం లేకుండా వైదొలగవచ్చు. తాను వెళ్లలేకపోతే బయలుదేరడానికి కనీసం ఏడు రోజుల ముందు తెలిపి, అర్హత ఉన్న మరొకరికి ప్యాకేజీని బదిలీ చేయవచ్చు. దానికయ్యే సహేతుకమైన ఖర్చు భరించాలి.

అమెరికాలో 50 మంది లేదా అంతకుమించి ప్రయాణికులకు బస ఉండి, అక్కడి రేవుల నుంచి బయలుదేరే నౌకల సంస్థలు ఆర్థిక హామీ చూపాలన్నది ఫెడరల్ మారిటైమ్ కమిషన్ నియమం. 2020లో కరోనా వల్ల ఓడలు నిలిచిపోయినప్పుడు, పలు సంస్థలు నగదుకు బదులు చెల్లించిన దానికి 125 శాతం విలువైన భవిష్యత్ యాత్రా క్రెడిట్ తీసుకోమని ఆశపెట్టాయి. ఆ అనుభవం తరువాత 2022లో కమిషన్ నిబంధనను స్పష్టం చేసింది. యాత్ర రద్దయినా, మూడు రోజులు లేదా అంతకుమించి ఆలస్యమైనా, ప్రయాణికుడు వెళ్లదలచుకోకపోతే సొమ్ము వాపసు కోరవచ్చు. క్రెడిట్ తీసుకోవడం, నగదు తీసుకోవడం ప్రయాణికుడి ఇష్టమన్నమాట.

నూట ముప్ఫై ఏళ్లు దాటిన చట్టం

అమెరికాలో 1886 నాటి ప్రయాణికుల నౌకల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దీని ప్రకారం విదేశీ జెండా ఎగరేసే ఓడ ఒక అమెరికా రేవులో ప్రయాణికులను ఎక్కించుకుని మరో అమెరికా రేవులో దింపరాదు. పెద్ద విహార నౌకల్లో అత్యధికం బహమాస్, పనామా వంటి దేశాల జెండాతో నడిచేవే. అందుకే సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లి వచ్చే ఓడలు కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలైనా ఆగుతాయి. ఫ్లోరిడాలో ఎక్కి పనామా కాలువ మీదుగా కాలిఫోర్నియాలో దిగే యాత్రలు కొలంబియాలోని కార్టజీనా, లేదా అరుబా వంటి దూరపు రేవును తాకవలసిందే.

పాయింట్లు పెంచుకుందామని వెంటవెంటనే రెండు యాత్రలు కొనేవారు ఈ చట్టం వద్దే బోల్తా పడుతున్నారు. సియాటిల్ నుంచి వాంకోవర్‌కు ఒకటి, అదే ఓడలో వాంకోవర్ నుంచి లాస్ ఏంజెలిస్‌కు మరొకటి.. విడివిడిగా చూస్తే రెండూ సక్రమమే. కలిపి చూస్తే సియాటిల్‌లో ఎక్కి లాస్ ఏంజెలిస్‌లో దిగినట్లవుతుంది. అలాంటి టికెట్‌ను సంస్థే అనుమతించదు.

వీసా మెలికలు

* హెచ్-1బీపై ఉన్నవారు: పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరినా, ఐ-94 చెల్లుబాటులో ఉంటే కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లి తిరిగి రావడానికి వెసులుబాటు ఉంది. కరీబియన్ దీవులకు ఈ వెసులుబాటు ఎఫ్, జె వీసాల వారికే. హెచ్-1బీ ముద్ర గడువు తీరినవారు బహమాస్‌లో ఆగే ఓడ ఎక్కితే తిరుగు ప్రవేశం సందిగ్ధంలో పడుతుంది.

* సందర్శక వీసాపై వెళ్లిన తల్లిదండ్రులు: ఓడ అమెరికాలోనే బయలుదేరి అమెరికాకే చేరినా, విదేశీ రేవును తాకితే దేశం దాటినట్లే. పలుమార్లు ప్రవేశానికి అనుమతించే వీసా ఉండాలి. వాంకోవర్, విక్టోరియా రేవులున్న యాత్రలకు కెనడా వీసా సంగతి కూడా చూసుకోవాలి.

* ఐరోపా యాత్ర: ఇటలీలో ఎక్కి, టర్కీలో ఆగి, గ్రీసుకు వచ్చే ఓడలో షెంజెన్ ప్రాంతంలోకి రెండుసార్లు ప్రవేశించినట్లవుతుంది. ఒకే ప్రవేశానికి ఇచ్చిన వీసా చాలదు.

పత్రాలు లేక ఓడ ఎక్కలేకపోయినవారికి నౌకా సంస్థలు సొమ్ము వాపసు ఇవ్వవు. పత్రాల బాధ్యత ప్రయాణికుడిదేనని షరతుల్లో రాసి ఉంటుంది.

వయసు, ఆరోగ్యం

రాయల్ కరీబియన్‌లో ఉత్తర అమెరికా నుంచి బయలుదేరే యాత్రలకు 21 ఏళ్లు నిండనివారు పెద్దల తోడు లేకుండా గది తీసుకోలేరు. ఐరోపా, ఆసియా, ఆస్ట్రేలియాల నుంచి బయలుదేరే వాటికి ఆ వయసు 18. మద్యం విషయంలోనూ ఇదే విభజన. చంటిబిడ్డకు కనీసం ఆరు నెలలు, మహాసముద్రాలు దాటే యాత్రలకు ఏడాది నిండాలి. యాత్ర ముగిసేలోగా 24వ వారంలోకి అడుగుపెట్టే గర్భిణులను అనుమతించరు. కాన్పు సాయానికి వెళ్లిన తల్లి, నిండు గర్భిణి అయిన కుమార్తె కలిసి సరదాగా ఓడ ఎక్కుదామనుకుంటే కుదరదు.

వివాదం వస్తే ఏ కోర్టుకు?

టికెట్ షరతుల్లో అందరూ చదవకుండా దాటేసే భాగమిది. అమెరికా సంస్థల టికెట్లలో చాలావాటిపై వ్యాజ్యం ఫ్లోరిడాలోని న్యాయస్థానాల్లోనే వేయాలని ఉంటుంది. పశ్చిమ తీరంలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన దంపతుల్లో భార్య కార్నివాల్ ఓడలో గాయపడిన ఉదంతంలో, ఈ షరతు చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు 1991లో తీర్పునిచ్చింది. గాయాలకు సంబంధించి ఆరు నెలల్లో రాతపూర్వక నోటీసు, ఏడాదిలోగా వ్యాజ్యం అన్న గడువులను కూడా సంస్థలు విధిస్తుంటాయి.

భారత్‌లోని ఏజెంటు వద్ద కొన్నవారికి ఇక్కడి చట్టం అండగా ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం తాము నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తుంది. అంతకుముందు సలహా కావాలంటే జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. టికెట్ చవకగా వచ్చిందని విదేశీ సంస్థ వద్ద నేరుగా కొన్నవారు ఈ దగ్గరి దారిని కొంతవరకు వదులుకుంటున్నట్లే.

ఇవి చూసుకున్నాకే చెల్లించాలి

* టికెట్ ఏ దేశపు షరతుల కింద జారీ అవుతోంది? ప్రయాణికులందరి నివాస చిరునామా సరిగా నమోదైందా?
* అడ్వాన్సు తిరిగి వస్తుందా, రాదా? తుది చెల్లింపు తేదీ ఏది?
* ధరలో పన్నులు, రేవు రుసుములు, టిప్పులు కలిశాయా?
* పాస్‌పోర్టు, టికెట్, సభ్యత్వ ఖాతాల్లో పేరు ఒకే విధంగా ఉందా?
* ఓడ ఆగే ప్రతి దేశానికి వీసా అవసరమా? తిరిగి ప్రవేశించేందుకు అనుమతి ఉందా?
* వృద్ధులకు ఓడలో వైద్యం, అత్యవసర తరలింపు ఖర్చులకు బీమా ఉందా?

లాయల్టీ పాయింట్ల కోసం అవసరం లేని యాత్ర చేయడం, ఉచిత పానీయాల కోసం వేల డాలర్లు వెచ్చించడం లాభసాటి బేరం కాదు. ఎలాగూ వెళ్లే యాత్రకు సభ్యత్వ సంఖ్య నమోదు చేయించుకుంటే అదనపు ఖర్చు ఏమీ లేదు. చాలా పథకాల్లో సభ్యత్వం ఉచితం. పిల్లలు పంపిన టికెట్ చేతికి అందిన రోజే షరతుల పేజీని తెలిసినవారితో చదివించుకుంటే, రేవు వద్ద ఓడను చూస్తూ వెనుదిరగవలసిన దుస్థితి తప్పుతుంది.